హీరో 20 రెట్లు, అక్షింతల పురుగు 40 రెట్లు

విజయవాడ గాంధీనగర్‌లో సినిమా బ్యానర్లు వేసి, అవి లేని రోజుల్లో షాపులకు బోర్డులు రాసి బతికినవాణ్ణి నేను. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది. కంప్యూటర్ నేర్చుకోమన్నారు గానీ నాకు ఎక్కలేదు. తెనాలి దగ్గర మా ఊరికి వచ్చేశాం. ఇంటి వెనక అయిదు సెంట్ల పెరడు. నిమ్మ, కరివేపాకు, గోడ పక్కన గన్నేరు, బావి దగ్గర ఎవరూ నాటని జిల్లేడు, పందిరి మీద దొండ, బీర, కింద రెండు వరసల వంగ. బ్రష్ పట్టిన చెయ్యి ఊరికే ఉండదు కదా. కనిపించిన పురుగునల్లా గీయడం మొదలుపెట్టి ఆరేళ్లయింది.

"పురుగుల బొమ్మలు ఎవరు గోడకు తగిలించుకుంటారండీ?" అంది మా ఆవిడ మొదట్లో. ఇప్పుడు నాకంటే ముందే లేచి గన్నేరు ఆకులు తిప్పి చూసేది ఆవిడే.

"మాక్కూడా నేర్పండి, కానీ మాకు బొమ్మలు రావు" అంటారు చాలామంది. మా బ్యానర్ షాపులో చేరిన కుర్రాళ్లలో సగం మందికి కూడా వచ్చేవి కావు. వాళ్లకు ముందు గళ్లు కట్టడం నేర్పేవాళ్లు. పురుగులకూ ఆ గళ్లే పనికొస్తాయి. ఎలాగో చెప్తాను.

ఏ చెట్టు దగ్గర కూర్చోవాలి

పురుగును వెతుక్కుంటూ పెరడంతా తిరిగితే ఒక్కటీ కనిపించదు. ఒక చెట్టు ఎంచుకుని దాని దగ్గరే కూర్చోండి. ఏ పురుగు ఏ ఆకు తింటుందో తెలిస్తే సగం పని అయినట్టే.

నిమ్మ మీద, కరివేపాకు మీద చిన్న కాకిరెట్ట లాంటిది కనిపిస్తే కడిగేయకండి. నేను కడిగేశాను. పైపు పెట్టి ఆకులన్నీ శుభ్రంగా కడిగి, "అబ్బ, ఎంత బాగుందో" అనుకున్నాను. మర్నాడు ఇంకో కొమ్మ మీద ఇంకో రెట్ట, అదీ నడుస్తూ! నిమ్మ సీతాకోకచిలుక పిల్ల అది. చిన్నతనంలో పిట్టలు తినకుండా రెట్ట వేషం వేస్తుంది. పెరిగి పెద్దయ్యాక వేషం మార్చి ఆకుపచ్చగా అవుతుంది. పుల్లతో మెల్లగా తాకితే తల వెనక నుంచి నారింజ రంగు కొమ్ములు రెండు బయటికి తీస్తుంది, ఘాటైన వాసన కొడుతుంది. ఒకసారి చూడండి, రెండోసారి ఏడిపించకండి. ఆ తర్వాత ఓ పుల్లకు అతుక్కుని, నడుం చుట్టూ పట్టుదారం ఒకటి కట్టుకుని, కాస్త వెనక్కి వాలి గూడుగా మారిపోతుంది. కరెంటు స్తంభం ఎక్కిన లైన్‌మన్ బెల్టు కట్టుకుని వెనక్కి వాలి పనిచేసే తీరే. ఈ ఒక్క పురుగుతోనే నాలుగు బొమ్మలు వస్తాయి: రెట్ట, పచ్చపురుగు, బెల్టు కట్టిన గూడు, సీతాకోకచిలుక.

జిల్లేడు మీద తెలుపు, నలుపు, పసుపు చారల గొంగళి ఉంటుంది. సర్కస్ డేరా గుడ్డ కప్పుకున్నట్టు ఉంటుంది. మొదటి బొమ్మకు ఇది చాలా మంచిది, ఎందుకంటే చారలు లెక్కపెట్టుకుంటూ వేసేయొచ్చు. వంగ మీద, బీర మీద వీపున నల్ల చుక్కలున్న అక్షింతల పురుగులు. తొలకరి పడ్డాక, జూన్ చివర ఆరుద్ర కార్తెలో, నేల మీద ఎర్ర మఖ్‌మల్ ముక్కల్లా ఆరుద్ర పురుగులు తిరుగుతాయి. లెక్క ప్రకారం అది కీటకం కాదు, సాలీడు వర్గం, ఎనిమిది కాళ్లు. అయినా గీయండి, ఆ ఎరుపు మళ్లీ ఏడాది దాకా దొరకదు.

పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిది లోపు వెళ్లండి. రాత్రి చల్లదనానికి వాటి ఒళ్లు ఇంకా వేడెక్కి ఉండదు, కదలికలు మందంగా ఉంటాయి. ఎండెక్కితే తూనీగ మీ మాట వినదు. ముక్కాలిపీట వేసుకుని, మీ నీడ పురుగు మీద పడకుండా కూర్చుని, మొదటి పది నిమిషాలు పెన్సిల్ తీయకుండా చూడండి. ఇది చాలా కష్టం. నాకు ఇప్పటికీ అయిదో నిమిషంలో చెయ్యి దురద పెడుతుంది.

దురద అంటే గుర్తొచ్చింది, మునగ చెట్టు మీది బొంత పురుగుల్ని దూరం నుంచే గీయండి. ఆ నూగు తగిలితే ఒళ్లంతా దద్దుర్లు. కందిరీగ గూడు సంగతి నేను చెప్పక్కర్లేదు.

గళ్లు కట్టడం

బ్యానర్ షాపులో మాకు 12 అంగుళాల ఫోటో ఒకటి ఇచ్చేవాళ్లు. దాన్ని 20 అడుగులు చేయాలి. అంటే 20 రెట్లు. ఫోటో మీద చిన్న గళ్లు, గుడ్డ మీద పెద్ద గళ్లు. నీలిమందు పూసిన దారాన్ని ఇద్దరం చెరో కొస పట్టుకుని లాగి వదిలితే గుడ్డ మీద టప్పున గీత పడేది. కొత్తవాడు హీరో కన్ను చూసి కన్ను వేయబోతే మా మేస్త్రి బ్రష్ కర్రతో వేళ్ల మీద ఒక్కటిచ్చేవాడు. "మొహం చూడకురా, గడి చూడు" అనేవాడు.

పురుగుకు ఆ మాట ఇంకా బాగా అతుకుతుంది. 'చీమ' అనుకోగానే మన చెయ్యి చిన్నప్పుడు పలక మీద గీసిన చీమనే గీస్తుంది. గడి చూస్తే ఎదుట ఉన్న చీమ దిగుతుంది.

ముందు ఫోటో. ఫోన్‌ను పురుగు మీదికి ఆనించొద్దు. జానెడు దూరంలో పెట్టి, రెండింతల జూమ్‌తో తీయండి. మరీ దగ్గరికి వెళ్తే మసక వస్తుంది, పురుగు కూడా పారిపోతుంది. పై నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి. ఒకటి బాగా రావాలంటే ముప్ఫై తీయాలి. దాన్ని కత్తిరించి, పురుగు మాత్రం కాగితం నిండా వచ్చేలా జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించండి. కలర్ ప్రింట్ అవసరం లేదు. రంగు ఎలాగూ ప్రింట్‌లో సరిగా రాదు, అది చెట్టు దగ్గరే రాసుకోవాలి.

అక్షింతల పురుగు నిడివి సుమారు 6 మిల్లీమీటర్లు అనుకోండి. ప్రింట్‌లో అది 8 సెంటీమీటర్లు వచ్చేలా చూసుకోండి. దాని మీద ఒక సెంటీమీటరు గళ్లు గీయండి. డ్రాయింగ్ షీటు మీద మూడు సెంటీమీటర్ల గళ్లు, అలికితే పోయేంత లేతగా. ఎనిమిది గళ్ల పురుగు 24 సెంటీమీటర్లు అవుతుంది. అంటే అసలు పురుగుకు 40 రెట్లు. జీవితమంతా హీరోల్ని 20 రెట్లు చేసిన నేను వంగాకు మీది పురుగుకు రెట్టింపు గౌరవం ఇచ్చానని లెక్క వేసుకున్న రోజు నాలో నేనే నవ్వుకున్నాను.

గళ్లకు పైన అ, ఆ, ఇ, ఈ అని, పక్కన 1, 2, 3 అని పేర్లు పెట్టండి. లేకపోతే మధ్యలో టీ తాగి వచ్చేసరికి గడి తప్పుతుంది. ఒక్కో గడిలో రెండే చూడాలి: గీత ఎక్కడ లోపలికి వచ్చింది, ఎక్కడ బయటికి పోయింది. ఆ రెండు చోట్ల చుక్కలు పెట్టి కలపండి. ఇంకా చెయ్యి తడబడుతుంటే ప్రింట్‌నీ షీటునీ తలకిందులుగా తిప్పి గీయండి. తలకిందులుగా ఉన్నది పురుగు అని మనసుకు తట్టదు, గీతలే కనిపిస్తాయి.

అక్షింతల పురుగు దగ్గర అందరూ చేసే తప్పు ఒకటి ఉంది. తల పక్కన ఉండే రెండు లేత మచ్చల్ని కళ్లనుకుని కనుగుడ్లు దిద్దేస్తారు. అవి మెడ మీది పెంకుకు ఉన్న మచ్చలు. అసలు కళ్లు ఇంకా ముందుకు, చిన్నగా, నల్లగా ఉంటాయి. గళ్ల ప్రకారం పోతే ఈ పొరపాటు జరగదు.

సీతాకోకచిలుక మాత్రం గళ్లతో నాకు కుదిరేది కాదు. ఎడమ రెక్క ఒకలా, కుడి రెక్క ఒకలా వచ్చేది. మా ఆవిడ చూసి, "నడిమి గీత గీసి అటూ ఇటూ సమానంగా చుక్కలు పెట్టండి, ముగ్గేగా!" అంది. నిజమే. ఒళ్లు నడిమి గీత. రెక్క అంచు వంపు తిరిగిన ప్రతిచోటా చుక్క, దానికి ఎదురుగా అవతలి వైపు ఇంకో చుక్క. చుక్కల ముగ్గు వేసే చెయ్యి ఉన్న ఆడవాళ్లకు ఈ పని నాకంటే త్వరగా వస్తుంది. ఇది మొహమాటానికి అంటున్న మాట కాదు, మా ఇంట్లో జరిగిందే.

కాళ్లు ఎక్కడ మొలుస్తాయి

నా మొదటి గండుచీమ బొమ్మ నాకు చాలా నచ్చింది. ముందు గదిలో పెట్టాను. ఆరో తరగతి చదివే పక్కింటి పాప వచ్చి చూసి, "తాతయ్యా, చీమకు కాళ్లు పొట్టకు ఉండవు" అంది. నేను నాలుగు కాళ్లు ఛాతీకి, రెండు పొట్టకు అతికించాను. నలభై ఏళ్ల అనుభవం ఒక్క మాటతో ఎగిరిపోయింది. ఆ బొమ్మ ఇప్పటికీ దాచుకున్నాను, గోడకు మాత్రం లేదు.

ఏ కీటకమైనా ఒంటిని మూడు ముక్కలుగా చూడండి: తల, ఛాతీ, పొట్ట. మీసాలు తలకు. ఆరు కాళ్లూ ఛాతీకే. రెక్కలు ఉంటే అవీ ఛాతీకే. పొట్టకు కాళ్లూ లేవు, రెక్కలూ లేవు. తూనీగ నాలుగు రెక్కలూ, మిడత దూకే కాళ్లూ, అన్నీ ఆ నడిమి ముక్క నుంచే. గొంగళి పొట్ట కింద కాళ్లలా కనిపించేవి ఆకును పట్టుకోవడానికి ఉన్న మెత్తని బుడిపెలు. దాని అసలు కాళ్లు ఆరూ తల వెనకే ఉంటాయి, సీతాకోకచిలుక కాళ్లు మొలిచేదీ అక్కడే.

ఈ ముక్క తెలిశాక నాకు పురుగు అందం రంగులో కన్నా కీళ్లలో ఎక్కువ కనిపించడం మొదలైంది. చీమ మీసం మోచేయిలా ఒక చోట విరుగుతుంది. ఛాతీకీ పొట్టకీ మధ్య దారమంత నడుం. మిడత తొడ మీద ఈతాకు చాపలో ఉన్నట్టు ఏటవాలు గీతలు. బోర్డు రాసేటప్పుడు 'క్ష' ఒత్తు ఎక్కడ సన్నబడి ఎక్కడ లావవుతుందో చూస్తామే, అలా చూడాలి ఒక్కో కాలునీ. కాలు గీసేటప్పుడు చిటికెన వేలు కాగితానికి ఆనించి, మణికట్టు కదిలించకుండా, ఒక్కో కీలు దాకా ఒక్క ఊపులో లాగండి. గీరుకుంటూ పోతే కాలు కాస్తా చీపురుపుల్ల అవుతుంది.

మెరుపు వేయడం

ఇది నాకు ఇష్టమైన భాగం, కాస్త ఎక్కువ చెప్తాను.

గన్నేరు ఆకు కింద ఒక గూడు వేలాడుతుంది. నల్లని సీతాకోకచిలుక, రెక్కల అంచున తెల్ల చుక్కలు ఉంటాయే, దాని గూడు. మొదటిసారి చూసినప్పుడు ఎవరో చెవి జూకా పారేసుకున్నారనుకున్నాను. అచ్చం వెండి. దగ్గరికి వెళ్తే అందులో నా మొహం, వెనక గోడ, ఆకాశం, అన్నీ వంకరగా కనిపించాయి.

వెండి రంగు డబ్బా కొనుక్కొచ్చి పూశాను. రేకు డబ్బాలా వచ్చింది. రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాక గుర్తొచ్చింది, ఒకప్పుడు స్టీలు సామాన్ల కొట్లకు 'స్టీలు అక్షరాలు' రాసింది నేనే కదా అని. స్టీలు అక్షరంలో వెండి రంగు చుక్క కూడా ఉండదు. పైన లేత నీలం, కిందికి వచ్చేకొద్దీ తెలుపు, సరిగ్గా మధ్యలో ఉన్నట్టుండి ముదురు గీత, దాని కింద గోధుమ రంగు మొదలై పసుపులోకి జారుతుంది. పైది ఆకాశం, గీత దూరపు చెట్ల వరస, కిందిది నేల. మెరిసే వస్తువుకు సొంత రంగు కనపడదు, చుట్టూ ఉన్నదాన్నే చూపిస్తుంది. గూటిలో కింద నేల బదులు గన్నేరు ఆకు పచ్చ వేశాను. నలుపు పక్కనే తెలుపు, మధ్యలో కలపకుండా. అప్పుడు మెరిసింది. మా ఆవిడ వేలు పెట్టి తడిమి చూసింది, రంగు ఇంకా ఆరలేదు. ఆ వేలిముద్ర కూడా అలాగే ఉంచాను.

అక్షింతల పురుగుల్లో కూడా ఈ మెరుపు సంగతి గమనించాలి. వంగ ఆకును జల్లెడ చేసేదాని వీపు మీద సన్నని నూగు ఉంటుంది, అందుకని మెరవదు. ఆకుల రసం పీల్చే పేనుబంకను తిని మనకు మేలు చేసేదాని వీపు నున్నగా, గాజు పూసలా మెరుస్తుంది. రెండిటినీ మనం అక్షింతల పురుగు అనే పిలుస్తాం, ఇద్దరికీ నల్ల చుక్కలే. నున్నటిదానికి ఎడమ భుజం మీద చిన్న కిటికీలా తెల్ల మచ్చ ఒకటి వదలండి. నూగు ఉన్నదానికి తెల్ల మచ్చ పెడితే అబద్ధం అవుతుంది. బదులుగా అంచుల్లో లేత రంగుతో పొడి బ్రష్ రుద్దండి. ఎవరు దొంగో ఎవరు దొరో బొమ్మలోనే తెలుస్తుంది.

ఇక బంగారు పురుగు. మేం జీరంగి అనేవాళ్లం. తుమ్మ చెట్టు మీద పట్టుకుని, అగ్గిపెట్టెలో తుమ్మాకు వేసి పెంచని పిల్లాడు మా రోజుల్లో లేడు. దాని పచ్చదనం రంగు పదార్థం కాదు. పెంకులోని పొరలు వెలుగును వెనక్కి కొట్టే తీరు వల్ల వస్తుంది. అందుకే కాస్త తిప్పితే పచ్చ పోయి రాగి రంగు, ఇంకాస్త తిప్పితే నీలం. పురుగు చచ్చినా ఆ మెరుపు వెలవదు. 1903 ఢిల్లీ దర్బారులో వైస్రాయి కర్జన్ భార్య తొడుక్కున్న నెమలి గౌనుకు మన దేశపు జరీ పనివాళ్లు ఈకల కన్నుల్లో కుట్టింది ఇలాంటి పురుగుల రెక్క పెంకులే. బొమ్మలో దీన్ని ఒక పచ్చ రంగుతో పట్టుకోలేం. ముందు నిమ్మపసుపు పూసి ఆరనివ్వండి, దాని మీద నీళ్లలా పల్చటి పచ్చ, ఆరాక అంచుల్లో నీలం, వీపు మధ్యలో ఒక్క గీత రాగి రంగు. ఒక్కో పొరా పూర్తిగా ఆరాలి. తొందరపడితే గోరింటాకు ముద్ద అవుతుంది.

తూనీగది దీనికి పూర్తిగా ఉల్టా. చచ్చిపోయిందంటే ఒంటి రంగు మాసిపోతుంది. దాని రంగు బతికి ఉన్నప్పుడే కాగితం మీద రాసుకోవాలి. పేర్లు మీకు తెలిసినవే పెట్టుకోండి. నా పుస్తకంలో 'పండుమిరప', 'ఆవపిండి', 'పాత రాగి చెంబు', 'బచ్చలిపండు' అని ఉంటాయి. కంపెనీ పేర్ల కన్నా ఇవే బాగా గుర్తుంటాయి.

సామాను

పెద్దగా ఏం లేదు. పోస్టర్ కలర్లు చాలు. తెలుపు, నిమ్మపసుపు, ముదురు పసుపు, నారింజ ఎరుపు, ముదురు ఎరుపు, నీలం, ముదురు గోధుమ. పచ్చ మనమే కలుపుకుంటే నిజంగా ఉంటుంది. నలుపు సీసా కొనకండి. బ్యానర్లలో హీరో జుట్టుకు కూడా మేం ఉత్త నలుపు వాడేవాళ్లం కాదు. నీలం, గోధుమ కలిపితే వచ్చే నలుపులో ప్రాణం ఉంటుంది, చీమకు అదే వేయండి. షీటు మందంగా, 300 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం 300 గ్రాములు) ఉండాలి, లేకపోతే తడికి ఉబ్బుతుంది. బ్రష్‌లు గుండ్రటివి మూడు: 0, 2, 6. కొనేటప్పుడు షాపులోనే నీళ్లలో ముంచి విదిలించండి. మొన సూదిలా ఒక్కచోటికి రావాలి, రెండుగా చీలితే పక్కన పెట్టేయండి. ఒక భూతద్దం. అంతే.

వార్నిష్ పూయొద్దు, కాగితం పసుపు రంగుకు తిరుగుతుంది. ఫర్నిచర్ పని దొరికిన రోజుల్లో ఫ్రెంచ్ పాలిష్ చాలా పూశాను. అందులో వేసే లక్క కూడా పురుగు చేసేదేనని అప్పుడు ఆలోచించనే లేదు. ఏటికొప్పాక బొమ్మల నిగనిగ కూడా ఆ పురుగు పెట్టిన భిక్షే.

పురుగును చంపి గుండుసూది గుచ్చి గీయమని కొందరు చెప్తారు. నేను ఒప్పుకోను. అవసరమైతే పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ డబ్బా బోర్లించి పది నిమిషాలు చూసి, తీసిన ఆకు మీదే వదిలేయండి. ఆకు ముఖ్యం. 1647లో జర్మనీలో పుట్టిన మారియా సిబిల్లా మెరియన్ అనే ఆవిడ పురుగును అది తినే మొక్కతో కలిపి, గుడ్డు నుంచి రెక్కల దాకా ఒకే కాగితం మీద గీసేది. 1699లో, యాభై దాటాక, పురుగుల్ని చూడ్డానికి ఓడెక్కి దక్షిణ అమెరికాలోని సురినాంకు వెళ్లింది. మనకు ఓడ అక్కర్లేదు, చెప్పులు వేసుకుని పెరట్లోకి వెళ్తే చాలు. ఆ పద్ధతి మాత్రం పట్టుకోండి. పురుగు కింద ఉత్త తెలుపు వదిలేయకుండా, అది కొరికిన ఆకును, కొరికిన అంచుతో సహా గీయండి.

బ్యానర్ కింద మూలన షాపు పేరు రాసేవాళ్లం, మా పేర్లు ఉండేవి కావు. ఇప్పుడు ఆ మూలన తేదీ, కార్తె, చెట్టు, టైము రాస్తున్నాను. నిన్నటి బొమ్మ కింద రాసింది ఇదీ: కరివేపాకు, కింది నుంచి మూడో కొమ్మ, ఉదయం 7.10, రాత్రి వాన పడింది, రెట్ట వేషంలో ఉంది.